పెట్టెలో వచ్చిన పిల్లలకు పెట్ట మనమే

మాది అనంతపురం జిల్లాలో కూడేరు పక్కన ఒక పల్లె. శెనక్కాయ వేసి వాన కోసం ఎదురుచూసే ఊరు. చేను చెయ్యిచ్చిన యేడు కూడా ఇంట్లో ఉప్పూ పప్పూ నిలబెట్టేవి దొడ్లోని కోళ్లే. గుడ్లు, పుంజులు అమ్ముకుని పిల్లల ఫీజులు కట్టిన ఇండ్లు మా వీధిలోనే మూడున్నాయి. అందులో మాదొకటి.

ముందు మా ఇంట్లో నాటుకోళ్లే ఉండేవి. పెట్ట పొదిగితే పది పిల్లలు దిగేవి. గద్ద ఎత్తుకుపోయినవి, పిల్లి పట్టినవి పోగా నాలుగో ఐదో మిగిలేవి. ఎక్కువ కావాలంటే హేచరీ నుంచి, అంటే యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోటు నుంచి, ఒకరోజు వయసు పిల్లల్ని తెప్పించుకోవాల్సిందే. ఇప్పుడు ఫోన్లో మాట్లాడి డబ్బు పంపితే బెంగళూరు వైపు నుంచో హైదరాబాదు వైపు నుంచో రాత్రి బస్సుకు వేస్తారు. తెల్లవారుజామున బస్టాండుకు పోతే పెట్టె చేతికొస్తుంది. వనరాజా, గ్రామప్రియ రకాలు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసినవి. గిరిరాజ బెంగళూరు హెబ్బాళ వెటర్నరీ కాలేజీ నుంచి వచ్చింది. మాంసానికీ గుడ్లకూ రెండింటికీ కావాలంటే వనరాజా, గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. ఏ రకం తెచ్చినా మొదటి పది రోజుల పని మాత్రం ఒకటే. నేను చెప్పేది ఎక్కువగా ఆ పది రోజుల సంగతే.

ఆరేళ్ల కిందట డిసెంబరులో నాకు మొదటి పెట్టె వచ్చింది. నూటరెండు పిల్లలు. మూడో రోజు పొద్దు గూకేసరికి అరవై నాలుగు మిగిలినాయి. రోగం ఏదీ రాలేదు, అన్నీ చలికి పోయినవే. మా ఇంటి నేల తాడిపత్రి బండలది. ఎండాకాలం పడుకుంటే హాయిగా ఉంటుంది కానీ, చలికాలం రాత్రి ఆ బండ ఒంట్లో వేడిని లాగేస్తుంది. దాని మీద రెండు గోనెసంచులు పరిచి, పైన తెల్లగా వెలిగే ఎల్ఈడీ బల్బు కట్టి, వెలుతురుంటే వేడి కూడా ఉంటుందనుకున్నాను. ఎల్ఈడీ బల్బు పిల్లలకు చాలినంత వేడినివ్వదు. రాత్రి ఒంటిగంటకు కరెంటు కూడా పోయింది. పిల్లలన్నీ గది మూలకు చేరి ఒకదాని మీదొకటి ఎక్కినాయి. తెల్లారి చూస్తే పైన ఉన్నవి బతికి ఉన్నాయి, కిందివి నలిగి, ఊపిరాడక పోయినాయి.

మా అత్త వాటిని చేటలోకి ఎత్తుతా ఒక మాట అనింది. "పెట్ట ఉంటే రెక్కల కింద పెట్టుకుంటాది. వీటికి పెట్ట యాడుంది? నువ్వే కదమ్మా పెట్ట. నువ్వు పడుకుంటే ఎట్లా?" అప్పటినుంచి తొమ్మిది సార్లు తెప్పించుకున్నాను. ఇంటికి చేరినాక నూటికి మూడు నాలుగు కంటే ఎక్కువ పోలేదు. ఏ పని చేసేటప్పుడైనా ముందు నన్ను నేను ఒక్కటే అడుగుతాను: ఈ పూట పెట్ట ఉండి ఉంటే ఏం చేసి ఉండేది?

పెట్టె రాకముందే కొట్టం వెచ్చబడాలి

అందరూ చేసే తప్పు, పిల్లలు చేతికొచ్చినాక ఏర్పాట్లు మొదలుపెట్టడం. రెండు రోజుల ముందే అన్నీ సిద్ధంగా ఉండాలి.

నేల ఊడ్చి, కడిగి, సున్నం కొట్టి, బాగా ఆరనివ్వండి. ముందు కోళ్లున్న చోటైతే పాత పొట్టు ఒక్క గుప్పెడు కూడా మిగలనీయొద్దు, పాత రోగాలు అందులోనే ఉంటాయి. ఆరినాక వరి పొట్టు గానీ శెనక్కాయ పొట్టు గానీ మూడు వేళ్ల మందాన పరవండి. బండల నేలయితే ఇంకో వేలు ఎక్కువే వేయండి. శెనక్కాయ పొట్టు మనకు ఊరికే దొరుకుతుంది కానీ, మిల్లు పక్కన వానకు తడిసిన కుప్పలోది తేవద్దు. బూజు వాసన కొంచెం వచ్చినా ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేనైతే పొట్టు తెచ్చి మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టి, జల్లించి దుమ్ము తీసినాకే వాడతాను.

తర్వాత గుండ్రంగా దడి కట్టాలి. పాత రేకు, అట్టముక్కలు, ఈతచాప, ఏదైనా సరే అడుగున్నర ఎత్తుంటే చాలు. నూరు పిల్లలకు ఆరడుగుల అడ్డకొలత సరిపోతుంది. గుండ్రంగానే ఎందుకంటే, మూల ఉంటే పిల్లలు అక్కడికే చేరి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. నా ముప్పై ఎనిమిది పిల్లలు పోయింది ఆ మూలలోనే.

వేడికి పసుపుగా వెలిగే పాతకాలం ఫిలమెంట్ బల్బులు కావాలి. ఇప్పుడు అన్ని అంగళ్లలో దొరకవు, నేను అనంతపురంలో పాత ఎలక్ట్రికల్ షాపులు తిరిగి ఒకేసారి డజను కొనిపెట్టుకున్నాను. పిల్లకు రెండు వాట్ల లెక్కన, నూరు పిల్లలకు అరవై వాట్లవి నాలుగు బల్బులు చలికాలానికి చాలు. ఒకే పెద్ద బల్బు కంటే నాలుగు చిన్నవి మేలు, ఒకటి మాడిపోయినా మిగతా మూడు ఆదుకుంటాయి. వెదురు గంపను బోర్లించినట్టు వేలాడదీసి దాని లోపల బల్బులు కట్టుకుంటే వేడి పైకి పోకుండా కిందికే దిగుతుంది. గంపకు బల్బు తగలకుండా చూసుకోండి, వెదురు అంటుకుంటుంది. తాడు ఎత్తడానికీ దించడానికీ వీలుగా ఉండాలి.

పిల్లలు వచ్చే ముందు రాత్రంతా బల్బులు వెలిగించి ఉంచండి. గాలి తొందరగానే వేడెక్కుతుంది, నేలకు మాత్రం చాలాసేపు పడుతుంది. తెల్లవారి అరచెయ్యి పొట్టు మీద పెట్టి చూడండి. ఆ వెచ్చదనం అరచేతికి తెలియాలి. ధర్మామీటర్ ఉంటే పిల్ల వీపు ఎత్తులో, అంటే నేల నుంచి రెండంగుళాల పైన, వేలాడదీసి చూడండి. మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.

గాలి సంగతి మనవైపు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో పడమటి గాలి కొట్టంలోకి దూరితే నాలుగు బల్బుల వేడి కూడా నిలవదు. పడమటి వైపు గోనెపట్టలు కిందనుంచి మనిషి నడుము ఎత్తు దాకా బిగించి కట్టండి. పైన మాత్రం వదిలేయండి. ఒట్టు పెట్టుకున్నట్టు నాలుగు వైపులా మూసేస్తే పొట్టులోంచి వచ్చే ఘాటు లోపలే నిలిచి పిల్లల కళ్లు మండుతాయి. మనం లోపలికి పోయి వంగి కూర్చుంటే కళ్లలో నీళ్లు రాకుండా ఉండాలి, అదే గుర్తు.

కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించుకోండి. ఇన్వర్టర్ ఉంటే సరే. లేకుంటే వేడినీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలకు పాతగుడ్డలు చుట్టి దడి లోపల అక్కడక్కడా పడుకోబెడితే గంటన్నర గడుస్తుంది. పొయ్యి మీద నీళ్ల అండా సిద్ధంగా ఉండాలి, అంతే. బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లున్నారు. పెడితే బొగ్గులు బాగా రగిలి పొగంతా పోయినాక, పైన బూడిద చల్లి, చుట్టూ జల్లెడ మూసి పెట్టండి. కొట్టం పూర్తిగా మూసి మాత్రం పెట్టొద్దు. బొగ్గుల విషవాయువు కంటికి కనబడదు, వాసన రాదు. పిల్లలతో పాటు పక్కన పడుకున్న మనిషి ప్రాణం కూడా తీస్తుంది.

బస్టాండు నుంచి ఇంటికి

పుట్టిన పిల్ల రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఎట్లా ప్రయాణం చేస్తుందని అందరూ అడుగుతారు. గుడ్డులో మిగిలిన పచ్చసొన, పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికి రాకముందే బొడ్డు గుండా దాని కడుపులోకి పోతుంది. అదే దానికి దారిబత్తెం. అలాగని రెండు రోజుల ప్రయాణం మంచిదని అనుకోవద్దు. ఒక్క రాత్రిలో చేరే దూరం నుంచే తెప్పించుకోండి. బెంగళూరు మనకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, నాలుగైదు గంటల దారి. నాకు అదే నచ్చింది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడు సంగతులు అడగండి. పిల్లలు ఏ పూట గుడ్డులోంచి బయటికొచ్చినాయి? మారెక్స్ అనే కోళ్ల రోగానికి టీకా వేసినారా? అది హేచరీలోనే, పుట్టిన రోజే మెడ చర్మం కింద వేయాలి, ఇంటికొచ్చినాక వేసి లాభం లేదు. మూడోది, పెట్టె బస్సులో ఎక్కడ పెడతారు? ఒకసారి నా పెట్టెను సామాన్లతో పాటు కింద డిక్కీలో తోసినారు. ఇంజను వేడికి, గాలి లేక, పదకొండు పిల్లలు దారిలోనే పోయినాయి. అప్పటినుంచి ఎక్కించే మనిషితోనే ఫోన్లో మాట్లాడి, పెట్టె సీటు పక్కనో డ్రైవరు వెనకో ఉంటుందని చెప్పించుకుంటాను. పెట్టె మీద పెట్టె పెట్టకూడదు, పక్కనున్న రంధ్రాలు మూయకూడదు. మే నెలలో మాత్రం నేను తెప్పించను. సంక్రాంతికి పుంజులు అమ్ముకోవాలంటే సెప్టెంబరు మొదట్లోనే పిల్లలు ఇంట్లో ఉండాలి.

పెట్టె దిగే సమయానికి మనమే ముందు అక్కడ ఉండాలి. అట్టపెట్టె లోపల నాలుగు గదులుంటాయి, గదికి ఇరవై ఐదు పిల్లలు. మూత పూర్తిగా తీయకుండా చెవి ఆనించి వినండి. సన్నగా, ఎడతెగని కిచకిచ వినిపిస్తే మంచిదే. గట్టిగా, ఒక్కొక్కటీ విడివిడిగా అరుస్తుంటే చలేస్తోందని అర్థం. అలికిడే లేకపోతే మూత ఎత్తి చూసి, చనిపోయినవి ఉంటే అక్కడే ఫోటో తీసుకోండి, హేచరీ వాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. చాలామంది నూటికి రెండు ఎక్కువే వేస్తారు.

మోటారుబండి మీద పెట్టుకుని రావద్దు. కూడేరు దాకా ఆ చలిగాలికి పిల్లలు సగం చస్తాయి. ఆటో మాట్లాడుకుని, రెండు పక్కలా దుప్పటి కట్టి, పెట్టె ఒళ్లో పెట్టుకుని రండి. గతుకులు చూసి నిదానంగా పొమ్మని చెప్పండి.

ముందు నీళ్లు

ఇంటికి చేరగానే పెట్టె తెరవాల్సింది కొట్టంలో, బల్బుల వెచ్చదనంలో. వీధిలోనే తెరిచి పక్కింటి పిల్లలందరికీ చూపించొద్దు. చూడాలనే ఆశ ఉంటుంది, నాకూ తెలుసు. పదో రోజు చూపించండి.

ముందు నీళ్లు, మేత తర్వాత. రాత్రంతా ఎండిపోయి వచ్చిన పిల్లకు ముందే గింజ పెడితే అది గొంతు కింద ఉండే మేతసంచిలో గట్టిపడి ఇరుక్కుంటుంది. నీళ్లు చల్లగా ఉండకూడదు, వెలుతురు పడే ఎండలో కాసేపు పెట్టినంత గోరువెచ్చన చాలు. మా బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. కొళాయిలో వచ్చే సత్యసాయి తాగునీటి పథకం నీళ్లు పట్టి, మరిగించి, చల్లార్చి వాడతాను. లీటరుకు యాభై గ్రాముల బెల్లం, అంటే ఒక చిన్న నిమ్మకాయంత ముక్క. బెల్లం నీళ్లు మొదటి పూట మాత్రమే. రోజంతా ఇస్తే పారుడు పట్టుకుంటుంది, గిన్నె చుట్టూ చీమలు కూడా చేరతాయి.

ఒక్కో పిల్లనూ పట్టుకుని ముక్కు నీళ్లలో ముంచాలి. నూరు పిల్లలకూ ముంచాలి. పని తక్కువని పదింటికి ముంచి, మిగతావి చూసి నేర్చుకుంటాయని వదలొద్దు. ఎడమ చేతిలో పిల్లను పెట్టుకుని, వీపు మీద బొటనవేలు మెల్లగా ఆనించి, ముక్కు కొస వరకే గిన్నెలోకి వంచండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. ఒక్క క్షణం ఉలిక్కిపడుతుంది. తర్వాత తల పైకెత్తి, మెడ సాచి, ముక్కు రెండుసార్లు కదుపుతుంది. గొంతు కింద ఆ సన్నటి వెంట్రుకలు కదలడం కనబడుతుంది. అంటే మింగింది. వెంటనే తనంతట తానే మళ్లీ వంగుతుంది. అప్పుడు దాన్ని గిన్నె పక్కనే కిందికి దింపండి. చేతిలో ఉన్నప్పుడే మూడు చూడండి: బొడ్డు మానిందా, కాళ్లు సరిగా ఉన్నాయా, కళ్లు తేటగా ఉన్నాయా. బొడ్డు తడిగా, నల్లగా ఉన్నవాటిని వేరే అట్టపెట్టెలో బల్బు కింద పెట్టండి. వాటిలో కొన్ని బతుకుతాయి, కొన్ని పోతాయి. మిగతావాటితో కలపకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది.

నీళ్ల గిన్నె బోర్లించే ప్లాస్టిక్ డ్రింకరైతే మేలు, యాభై పిల్లలకు ఒకటి. పళ్లెంలాంటివి పెడితే అంచు లోపల గులకరాళ్లు వేయండి, లేకుంటే పిల్లలు తడుస్తాయి. తడిసిన పిల్ల చలికి గంటలో పోతుంది. గిన్నె నేరుగా బల్బు కింద పెట్టొద్దు, నీళ్లు వేడెక్కితే తాగవు.

గంటన్నర పోయినాక మేత. మొదటి రోజు మొక్కజొన్న నూక. మాకు కొర్రలు పండుతాయి కాబట్టి నేను సగం కొర్రనూక కలుపుతాను. దొడ్డుగా ఉండకూడదు, ఉప్మారవ్వంత ఉండాలి. పేపరు మీద చల్లేవాళ్లున్నారు కానీ పేపరు జారుతుంది, జారే నేల మీద నిలబడిన పిల్ల కాళ్లు రెండు పక్కలకూ చీలిపోతాయి. పిల్లలొచ్చిన అట్టపెట్టెల మూతలే నేను పళ్లేలుగా వాడతాను, గరుకుగా ఉంటాయి. రెండు రోజుల తర్వాత వాటిని కాల్చేస్తాను. చల్లేటప్పుడు వేలితో అట్ట మీద టకటకా కొట్టండి. పెట్ట ముక్కుతో పొడిచి చూపించినట్టే. ఒక పిల్ల వచ్చి పొడిచిందంటే చుట్టూ ఉన్నవన్నీ పరుగెత్తుకొస్తాయి.

పొద్దు గూకినాక పది పిల్లల్ని పట్టుకుని గొంతు కింద మేతసంచి వేలితో తాకి చూడండి. నిండుగా, మెత్తగా ఉండాలి. గట్టిగా ఉంటే నీళ్లు తాగలేదు. ఖాళీగా ఉంటే మేత కనబడలేదు, లేదా చలికి కదల్లేదు. అట్లాంటివి పదిలో రెండు కంటే ఎక్కువుంటే బల్బులు కొంచెం దించి, పళ్లేలు ఇంకో రెండు పెట్టండి.

మొదటి రాత్రి పడుకోవద్దు

ధర్మామీటర్ కంటే నమ్మకంగా పిల్లలే చెబుతాయి. అన్నీ బల్బు కిందే ముద్దగా చేరి అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా దడి అంచుకు పోయి, రెక్కలు విప్పి, నోరు తెరిచి ఎగపోస్తుంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి వస్తోంది, ఆ సందు వెతికి గుడ్డ కుక్కండి. దడి నిండా చెదిరి, కొన్ని తింటా, కొన్ని కాళ్లు చాచి పడుకుని, చిన్నగా గొణుగుతుంటే సరిగ్గా ఉంది. అనుమానం వస్తే ఒక పిల్లను తీసి దాని పాదాలు మీ చెంపకు ఆనించుకోండి. చల్లగా తగిలితే వేడి చాలలేదు.

తెల్లవారుజామున చలి ముదిరే సమయం, మూడు నుంచి ఐదు దాకా, చాలా ప్రమాదం. ఆ రెండు గంటలు కొట్టంలో మంచం వేసుకుని కూర్చోండి. నిద్ర ఆగదనుకుంటే ఇంట్లో వాళ్లతో వంతులు వేసుకోండి. నేను మొదటి మూడు రాత్రులు కొట్టంలోనే పడుకుంటాను. నాలుగో రోజుకు వాటి అరుపు మారితే నిద్రలోనే తెలిసిపోతుంది.

పిల్లి, పందికొక్కు, పాము కూడా రాత్రుళ్లే వస్తాయి. వేలు దూరే సందు ఉన్నా పందికొక్కు దాన్ని పెద్దది చేసుకుంటుంది. తలుపు కింద రేకుముక్క కొట్టండి. చీమలకు దడి చుట్టూ బయట సున్నం గీత గీస్తాను. పురుగుమందు పొడి మాత్రం చల్లొద్దు, పిల్లలు కాళ్లతో తొక్కి అదే ముక్కుతో తింటాయి.

ఆ వారంలో కనబడేవి

రెండో రోజు నుంచి కొన్ని పిల్లల ముడ్డికి రెట్ట అంటుకుని గట్టిపడుతుంది. ప్రయాణంలో చలికో, వేడికో, నీళ్లు చాలకో వస్తుంది. చూడకుండా వదిలేస్తే దారి మూసుకుపోయి పిల్ల చచ్చిపోతుంది. గోటితో గీరి లాగొద్దు, లేత తోలు ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి ఆ చోట ఆనించి పట్టుకోండి. రెండు నిమిషాలకు మెత్తబడి దానంతటదే వదులుతుంది. తుడిచి, పొడిగుడ్డతో అద్ది, వేలికొసతో కొబ్బరినూనె రాసి, బల్బు కింద ఆరనిచ్చి వదలండి. బొడ్డును రెట్ట అనుకుని లాగేవాళ్లు ఉన్నారు. బొడ్డు ముందువైపు, కడుపు మీద ఉంటుంది, ముడ్డి తోక కింద ఉంటుంది. తేడా చూసుకుని చేయండి. రోజుకు రెండుసార్లు, ఉదయం మేత వేసేటప్పుడూ సాయంత్రమూ, వెనకవైపు చూస్తూ పోతే దొరికిపోతాయి.

కాళ్లు పక్కలకు చీలిన పిల్లకు రెండు కాళ్లకూ మధ్య ఒక వేలు సందు వదిలి, బ్యాండ్‌ఎయిడ్‌తో ఎనిమిది అంకె చుట్టినట్టు చుట్టండి. రెండు మూడు రోజుల్లో నిలబడుతుంది. వయసు పెరిగాక చేస్తే ఫలితం ఉండదు.

మూడో రోజు నుంచి పిల్లల దాణా, అంగళ్లలో స్టార్టర్ అంటారు. ఇందులో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్లన్నా ఉండాలి. మా ఇంట్లో మొదటి వారం నూరు పిల్లలకు ఏడెనిమిది కిలోలు పడుతుంది. ఇంట్లో కలుపుకోవడం నాకూ వచ్చు, కానీ మొదటి ఆరు వారాలు కొన్నదే వేస్తాను. మనవైపు నూనె తీసిన శెనక్కాయ చెక్క చౌక, అందుకే చాలామంది అదే ఎక్కువ కలుపుతారు. పాతబడి, తేమ తగిలి, బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది పిల్లల కాలేయాన్ని తినేస్తుంది, ఎండబెట్టినా ఉడికించినా పోదు. బూజు చెక్క కోళ్లకే కాదు, బర్రెకూ పెట్టొద్దు. దాణా మూటను బండ మీద నేరుగా ఆనించకుండా పలక మీద పెట్టుకోండి.

పొట్టును రోజూ ఒకసారి కలియబెట్టండి. నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన పొట్టు ఎప్పటికప్పుడు తీసి పొడిది వేయండి. మూడు వారాలు దాటినాక తడి పొట్టు నుంచే రక్తపు పారుడు, అంటే కాక్సిడియోసిస్, మొదలవుతుంది. రెట్టలో ఎర్రగా కనబడితే ఆ రోజే పశువుల డాక్టరును అడిగి మందు నీళ్లలో కలపండి. ఒక్క రోజు ఆలస్యమైనా దడి అంతా పాకుతుంది. పసుపు నీళ్లు తాగిస్తే తగ్గుతుందని ఆగిపోయి సగం పిల్లల్ని పోగొట్టుకున్న ఇల్లు నాకు తెలుసు. పసుపు మంచిదే, కానీ ఆ రోగానికి అది మందు కాదు.

రెండు మూడు రోజులకోసారి దడిని కొంచెం కొంచెం పెద్దది చేయండి. పదో రోజుకు ఎండాకాలమైతే దడి తీసేయొచ్చు.

టీకాలు తప్పించొద్దు

కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్ రోగం, ఊళ్లో ఒక ఇంటికి వస్తే నాలుగు రోజుల్లో వీధిలో కోడి మిగలదు. దానికి ఐదు నుంచి ఏడు రోజుల లోపు లసోటా అనే టీకా, కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. చుక్క వేసినాక పిల్ల కన్ను మూసి తెరిచే దాకా, లేదా ముక్కుతో లోపలికి పీల్చుకునే దాకా చేతిలోనే ఉంచండి. వెంటనే వదిలితే తల విదిలించి చుక్క బయట పడేస్తుంది. పద్నాలుగో రోజు గంబోరో అనే ఇంకో కోళ్ల రోగానికి టీకా. ఇరవై ఎనిమిదో రోజు లసోటా మళ్లీ. ఆరేడు వారాలకు మసూచి టీకా, ఎనిమిదో వారం కొక్కెర తెగులుకు రెక్క కింద సూది, దాన్ని ఆర్‌టూబీ అంటారు.

టీకా సీసా చిన్నది కొందామన్నా నూరు మోతాదులకు తక్కువ దొరకదు, ఎక్కువసార్లు ఇంకా పెద్దదే ఉంటుంది. కలిపినాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచుకోవడానికి లేదు. అందుకే మా వీధిలో నలుగురం ఒకే వారం పిల్లల్ని తెప్పించుకుని, ఒకే సీసా పంచుకుంటాం. అనంతపురం నుంచి తెచ్చేటప్పుడు టిఫిన్ క్యారియర్‌లో ఐసుముక్కలు పోసి మధ్య గిన్నెలో సీసా పెట్టుకుని వస్తాను. బస్సులో ఎండ పడే కిటికీ పక్కన కూర్చోను. సీసా వెచ్చబడితే లోపలున్న మందు చచ్చిపోతుంది, వేసినా వేయనట్టే. వేసే పని చల్లటి పూట, సాయంత్రం పెట్టుకోండి.

నీళ్లలో ఇచ్చే టీకాకు బ్లీచింగ్ కలపని నీళ్లు వాడండి. లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే టీకా పాడవకుండా ఉంటుంది. ముందు ఒకటి రెండు గంటలు గిన్నెలు తీసేస్తే దాహంతో అన్నీ ఒకేసారి తాగుతాయి. ఎండ కాసే పూట మాత్రం అంతసేపు దాహంతో ఉంచొద్దు. నీరసంగా ఉన్న పిల్లలకు టీకా వేయకండి, కోలుకున్నాక డాక్టరు చెప్పినప్పుడు వేయండి.

బయటికి

మూడో వారం దాటినాక చెదలు తెచ్చి వేయడం మొదలుపెడతాను. పాత మట్టికుండలో తడిపిన పేడ, గోనెముక్క కుక్కి సాయంత్రం చేను గట్టు మీద బోర్లించి వస్తే తెల్లారేసరికి చెదలు పట్టి ఉంటాయి. ఎండ ఎక్కకముందే తెచ్చి పిల్లల ముందు దులపాలి. ఆ ఐదు నిమిషాలు వాటిని చూడటానికి మా అత్త పని మానుకుని వస్తుంది.

ఐదారు వారాలకు ఈకలు పూర్తిగా వస్తాయి. అప్పటిదాకా బయట వదలొద్దు. మొదటి రోజు మధ్యాహ్నం ఒక గంట మాత్రమే, చుట్టూ వల కట్టిన దొడ్లో వదలండి. ఇంట్లో పెద్ద కోళ్లుంటే వాటితో కలపకుండా ఇంకో రెండు వారాలు వేరుగా ఉంచండి. పొద్దు వాలకముందే పళ్లెంలో దాణా టకటకమని కొట్టి "బా... బా... బా" అని పిలవండి. చిన్నప్పుడు అట్ట మీద కొట్టిన చప్పుడు వాటికి గుర్తుంటుంది. తలుపు దగ్గర కూర్చుని లోపలికి పోయేవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే కంపచెట్ల కింద, నీళ్ల తొట్టి వెనక వెతకండి, చీకటి పడకముందే దొరుకుతుంది. లెక్క సరిపోయినాకే గొళ్లెం పెట్టండి.